కోర్టు మాట తెలియకపోతే కేసు వాళ్ళదే!

ముద్దాయి అంటే ఎవరు? పేటలో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు, నేరం మోపబడ్డవాడని. కానీ ఈ మాట పుట్టిన ఉర్దూ కోర్టు భాషలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు, దావా వేసినవాడు. ఎవరి మీద దావా పడిందో వాణ్ణి ముద్దాలై అంటారు. మన దగ్గరికొచ్చేసరికి ఫిర్యాదు చేసినవాడి పేరు నేరం మోపబడ్డవాడికి అంటుకుంది. భాషలో ఇది ఎట్లా జరిగిందో పండితులు చూసుకుంటారు. పోలీసు స్టేషన్లలో మాత్రం మాలమాదిగలకు ఇది జరుగుతూనే ఉంది. దెబ్బలు తిని పొద్దున ఫిర్యాదు ఇవ్వబోయినవాడు సాయంత్రానికి ఎదురు కేసులో ఎ-1 అవుతున్నాడు.

చట్టం లేక కాదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ నెత్తురూ, అలాంటి అనేక ఊళ్ళ నెత్తురూ పారిన తర్వాత 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. 2015లో సవరించి పదును పెంచారు. అయినా దెబ్బ కొట్టినవాడు రచ్చబండ మీద మీసం తిప్పుతున్నాడు. పోలీసుల కులం, పెత్తందార్ల డబ్బు, నాయకుల అండ, ఈ కారణాలు మనందరికీ తెలిసినవే. మేమిప్పుడు చెప్పేది మన సభల్లో ఎవరూ ఎత్తని కారణం. అది మాట. కోర్టు మాట.

వేదం విన్న శూద్రుడి చెవిలో సీసం, లక్క కరిగించి పొయ్యమని గౌతమ ధర్మసూత్రం చెప్పింది. శూద్రుడికే ఆ శిక్ష అయితే ఊరి బయట ఉన్న మన సంగతేంటి? ఇప్పుడు సీసం ఖర్చు అక్కర్లేదు. ప్రైమాఫేసీ, డీఫ్యాక్టో, అలిబీ, క్వాష్ అని చెవిలో పోస్తే చాలు. చెవులుండీ విననట్టే.

పోనీ ఇంగ్లీషు పోయి తెలుగు వచ్చిందా? 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. ఇంగ్లీషు గోడ మీద సంస్కృతం గోడ లేపారు. 302 అంటే హత్య, 307 అంటే హత్యాయత్నం, 354 అంటే ఆడమనిషి మీద చెయ్యి వెయ్యటం. అక్షరం రానివాళ్ళకు కూడా మన పేటల్లో ఇవి నోటికొచ్చు. ఇప్పుడవి 103, 109, 74 అయినాయి. ఐదుగురు, అంతకు మించి గుంపు కూడి కులం కారణంగా మనిషిని చంపితే 103లో రెండో భాగం ప్రత్యేకంగా ఉంది. ఇది ఏ గ్రామసభలో చెప్పారు? ఏ పేటలో దండోరా వేయించారు? గుర్తుపెట్టుకోండి: ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత నెంబర్లే, తర్వాత జరిగిన నేరానికే కొత్తవి.

మేము బడిపంతుళ్ళం, ప్లీడర్లం కాదు. మా ఇళ్ళల్లో మాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. అందుకే మాకొకటి బాగా తెలుసు. తెలియని మాట ముందు మనిషి తల ఊపుతాడు. తల ఊపినచోట వేలిముద్ర వేయిస్తారు. వేలిముద్ర పడ్డచోట కేసు పోతుంది. కాబట్టి ఒక్కో మాట అర్థం, అది వినబడినప్పుడు మనం చెయ్యాల్సిన పని కలిపి చెప్పుకుందాం.

"ఎంక్వయిరీ చేసి చూస్తాం"

ఎఫ్‌ఐఆర్ అంటే నేరం గురించి పోలీసులు నమోదు చేసే మొదటి సమాచారం. కాగ్నిజబుల్ నేరం అంటే కోర్టు అనుమతి కోసం ఆగకుండా పోలీసులు కేసు కట్టి దర్యాప్తు చెయ్యాల్సిన నేరం. అలాంటి నేరం జరిగిందని చెబితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013 నవంబర్ 12న లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

స్టేషన్లో ఏమంటారు? "కాగితం ఇచ్చి పోండి, ఎంక్వయిరీ చేసి చూస్తాం" అంటారు. ఈ ఎంక్వయిరీ అనే మాట దగ్గరే మన కాళ్ళు వెనక్కి తిరుగుతున్నాయి. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాలకు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చెయ్యొచ్చని కొత్త చట్టంలో ఉన్న మాట నిజమే. దాన్ని చూపించి అట్రాసిటీ ఫిర్యాదును పక్కన పెడితే ఒప్పుకోవద్దు. మన చట్టంలో 18-ఎ సెక్షన్ ఉంది. ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ప్రాథమిక విచారణ అక్కర్లేదని అది చెబుతోంది. ఆ సెక్షన్ ఎవరి దయతోనూ రాలేదు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పు చట్టం కోరలు పీకితే, ఏప్రిల్ 2న దళితులు దేశమంతా బంద్ చేశారు. ప్రాణాలు పోయాయి. ఆ ఆగస్టులో పార్లమెంటు 18-ఎ చేర్చింది. ప్రాణాలిచ్చి తెచ్చుకున్న సెక్షన్ పేరు స్టేషన్ మెట్ల మీద మనకు గుర్తురాకపోతే ఎట్లా?

"మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టమనండి. ఏ స్టేషన్లోనైనా కట్టి, తర్వాత పరిధి ఉన్న స్టేషన్‌కు పంపుతారు. నోటితో చెప్పింది రాసుకుంటే దాన్ని మనకు చదివి వినిపించాకే సంతకం. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. కట్టనంటే ఎస్పీకి పోస్టులో పంపండి, రసీదు దాచండి. అక్కడా కదలకపోతే కోర్టుకు పొండి. ఇవి చెయ్యటం అధికారి బాధ్యత అని చట్టంలో 4వ సెక్షన్ చెబుతుంది. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని బాధ్యత ఎగ్గొడితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు శిక్ష కూడా అందులోనే ఉంది.

నలుగురి కంటపడే చోటు

కులం పేరుతో తిట్టిన నేరానికి చట్టం ఒక షరతు పెట్టింది. అది పబ్లిక్ వ్యూలో జరగాలి. అంటే నలుగురి కంటపడే చోట. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనిచోట అన్న మాట దీని కిందికి రాదని 2020 నవంబర్లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గొడ్లచావిట్లో ఒంటరిగా దొరికిన పాలేరును తిడితే అది అవమానం కాదా? అవమానానికి సాక్షులు కావాలా? ఈ ప్రశ్న మనం అడుగుతూనే ఉండాలి. అడుగుతూనే, ఉన్న చట్టంతో కొట్లాడటమూ నేర్చుకోవాలి. ఇంటి ఆవరణ అయినా దారినపొయ్యేవాళ్ళకు కనబడేదైతే అది పబ్లిక్ వ్యూనే అని 2008లో స్వరణ్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది.

మన ఫిర్యాదుల్లో ఏముంటోంది? "నన్ను కులం పేరుతో దూషించినాడు" అని ఒక్క ముక్క. ఏ మాట అన్నాడు? ఎక్కడ నిలబడి అన్నాడు? బోరింగు దగ్గరా, టీ కొట్టు ముందా? ఎవరెవరు విన్నారు? ఇవేవీ ఉండవు. అబద్ధం కలపమని మేము చెప్పటంలేదు. జరిగింది జరిగినట్టు, జరిగిన చోటుతో సహా, నోరు తిరగని ఆ తిట్టును తిట్టుగానే రాయించమంటున్నాం.

ఎందుకంటే తర్వాతి మాట దీని మీదే నిలబడుతుంది. ముందస్తు బెయిలు అంటే అరెస్టు కాకముందే తెచ్చుకునే బెయిలు. అట్రాసిటీ కేసులో అది కుదరదని 18వ సెక్షన్ చెబుతోంది. కానీ ఫిర్యాదును పైపైన చూస్తేనే ఈ చట్టం కింద నేరం కనబడకపోతే ఈ అడ్డు వర్తించదని 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు అన్నది. ప్రైమాఫేసీ అంటే ఇదే, పైకి చూడగానే కనబడేది. ఫిర్యాదులో చోటు లేక, మాట లేక, విన్నవాళ్ళు లేక పోతే ప్రైమాఫేసీ లేదంటారు. ముద్దాయి జైలు మొహం చూడకుండానే ఊళ్ళోకొస్తాడు. "వాళ్ళ కులమేదో నాకు తెలియదు" అని కూడా వాదిస్తాడు. బాధితుణ్ణిగానీ ఆ కుటుంబాన్నిగానీ ముందునుంచీ ఎరిగినవాడైతే కులం తెలిసినట్టే కోర్టు అనుకోవాలి. కాదని రుజువు చేసుకునే బరువు వాడిదే. అది 8వ సెక్షన్.

ఎదురు కేసు, మిస్టేక్ ఆఫ్ ఫాక్ట్

మనం కేసు పెట్టిన రోజే మన మీద ఎదురు కేసు పడుతుంది. దాని పని శిక్ష వేయించటం కాదు. "మీరు తీసుకోండి, వాళ్ళూ తీసుకుంటారు" అని బేరం పెట్టించటం. దళితుల మీద తప్పుడు కేసు, దురుద్దేశంతో కేసు పెట్టటమే ఈ చట్టం కింద నేరమని 3(1)(పి) చెబుతోంది. ఎదురు కేసుకు బెదిరి మన కేసు వదిలేస్తే ముద్దాయి అనే మాట నిజంగానే మనకు ఖాయం.

దర్యాప్తు చెయ్యాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అని నియమాలు చెబుతున్నాయి. 60 రోజుల్లో చార్జిషీటు వెయ్యాలి. చార్జిషీటు అంటే నేరం ఇదీ, సాక్షులు వీళ్ళూ అని పోలీసులు కోర్టుకు ఇచ్చే నివేదిక. దానికి బదులు ఒక్కోసారి మిస్టేక్ ఆఫ్ ఫాక్ట్ అని రాసి కేసు మూసేస్తారు. పొరపాటున పెట్టిన ఫిర్యాదు అని దాని అర్థం. మన పళ్ళు రాలటం పొరపాటట! అట్లాంటి నివేదిక వేస్తే ఫిర్యాదుదారుడికి నోటీసు ఇచ్చి, అతని మాట వినకుండా కోర్టు కేసు మూయకూడదు. 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిది. అప్పుడు మనం వేసే అభ్యంతరాన్ని ప్రొటెస్ట్ పిటిషన్ అంటారు. పేటలో ఎంతమందికి ఈ మాట తెలుసు?

కేసు కోర్టుకెక్కాక నెంబరు మారుతుంది. స్టేషన్లో ఉన్నది క్రైం నెంబరు, కోర్టులో వచ్చేది కేసు నెంబరు. ఎస్.సి. నెంబరు అంటే మన కులం కాదు, సెషన్స్ కేసు. రెండు నెంబర్లూ గోడ మీద బొగ్గుతోనైనా రాసిపెట్టుకోండి. నెంబరు తెలియనివాడికి కోర్టు గుమాస్తా కూడా జవాబు చెప్పడు.

"ఏం లేదు, ఇక్కడ సంతకం పెట్టు"

కానిస్టేబుల్ ఒక కాగితం పట్టుకొని పేటకొస్తాడు. "ఏం లేదు, ఇక్కడ సంతకం పెట్టు" అంటాడు. పెడతాం. ఆ కాగితమే బెయిలు నోటీసు.

2015 సవరణతో వచ్చిన 15-ఎ సెక్షన్ ఈ చట్టానికి గుండెకాయ. బెయిలు, డిశ్చార్జ్, శిక్ష, ఏ దశలోనైనా బాధితుడి మాట కోర్టు వినాలి. బెయిలు సహా కోర్టులో ఏం జరిగినా ముందే నోటీసు అందాలి. ఇది తప్పనిసరి అని 2021 అక్టోబర్ 29న హరిరాం భంభీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ కాగితం సంతకం కోసం కాదు, మనల్ని కోర్టుకు రమ్మని. పోవాలి. "వీడు బయటికొస్తే మమ్మల్ని ఊళ్ళో బతకనివ్వడయ్యా" అని మన నోటితో చెప్పాలి. నోటీసు ఇవ్వకుండా బెయిలిచ్చారా? అదే కారణం చూపి పై కోర్టుకు పోవచ్చు.

బోనులో "అవునయ్యా"

బోనెక్కాక మన ప్రాసిక్యూటర్ అడిగేది చీఫ్. ముద్దాయి ప్లీడరు అడిగేది క్రాస్. క్రాసులో ఆయన నిమ్మళంగా అంటాడు: "ఆ రోజు చీకటి పడింది, నీకు మనిషి ఆనలేదు, అంతేనా?" దీన్ని సజెషన్ అంటారు. అది ప్లీడరు మాట. నిజమని ఒప్పుకునే పని మనకు లేదు. కానీ పెద్దమనిషి ఏదన్నా అంటే "అవునయ్యా" అనటం తరతరాలుగా మనకు దెబ్బలతో నేర్పిన బతుకుతెరువు. బోనులో ఆ ఒక్క "అవునయ్యా" సాక్ష్యమైపోతుంది. కులం పెట్టిన అలవాటే కులం చేసిన నేరాన్ని కడిగేస్తుంది. నిజం కాకపోతే "కాదు" అని గట్టిగా చెప్పండి. ప్రశ్న అర్థంకాకపోతే "మళ్ళీ చెప్పండి" అని అడగండి. అది నేరం కాదు.

మన సాక్ష్యాన్ని ఇంగ్లీషులో రాసుకుంటే, మనకు తెలిసిన భాషలో చదివి వినిపించమని అడిగే హక్కుంది. కొత్త సంహితలో అది 313వ సెక్షన్. వినకుండా సంతకం చెయ్యొద్దు. తప్పు రాస్తే అక్కడే చెప్పండి.

హాస్టైల్ అంటే ప్రాసిక్యూషన్ పిలిచిన సాక్షి ఎదురు తిరగటం. ఆ మాట రాసుకోవటానికి కోర్టుకు ఒక్క నిమిషం పడుతుంది. దాని వెనక కౌలు చేను, చేబదులు, కోతలకు పిలవని రోజులు, ఇంటిచుట్టూ తిరిగిన పెద్దమనుషులు ఉన్నారు. అవేవీ రికార్డులోకి ఎక్కవు. సంఘ బహిష్కారం 3(1)(జెడ్‌సి) కింద నేరం. సాక్షికి రక్షణ ప్రభుత్వ బాధ్యత. దారి ఖర్చులు, తిండి ఖర్చులు, కూలి రేటుకు తగ్గని బత్తా 11వ నియమం కింద ఇవ్వాలి. సాక్షి ఎదురు తిరిగాడని తిట్టేముందు అతనికి బత్తా అందిందా, పని దొరికిందా అని మన సంఘం అడిగిందా?

రాజీ, కొట్టివేత

"రాజీ పడండి, కేసు తీసేస్తారు" అంటారు. నాన్ కాంపౌండబుల్ అంటే ఇరుపక్షాలూ రాజీపడి మూసుకోలేని నేరం. అట్రాసిటీ నేరాలు అలాంటివే. రచ్చబండ మీద సంతకం పెడితే చట్టం ముందు అది చెల్లదు. కానీ ఆ కాగితం పట్టుకొని ముద్దాయి హైకోర్టులో క్వాష్ కోసం పోతాడు. అంటే కేసునే కొట్టేయమని. కొన్ని పరిస్థితుల్లో హైకోర్టు అట్లా కొట్టేయవచ్చని 2021లో సుప్రీంకోర్టు అన్నది. కాబట్టి రాజీ కాగితం మీద వేలిముద్ర ఎప్పుడూ ఉత్త వేలిముద్ర కాదు.

పేటలో అన్నిటికీ "కేసు కొట్టేశారు" అంటాం. క్వాష్ అయితే హైకోర్టు అసలు కేసునే తీసేసింది. డిశ్చార్జ్ అయితే విచారణకు ముందే ముద్దాయిని వదిలేశారు. అక్విటల్ అయితే విచారణ చేసి నిర్దోషి అన్నారు. మూడూ వేరు. మూడింటికీ పై మెట్టు ఉంది. ప్రత్యేక కోర్టు తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు గడువు 90 రోజులు. ఏడుస్తూ కూర్చుంటే గడువు ఆగదు.

సంశయ లాభం అనే మాట అన్నిటికంటే బరువైనది. నేరం చేశాడా లేదా అనే సందేహం మిగిలితే ముద్దాయిని వదిలెయ్యాలి. ఈ సూత్రం పేదవాడికి కావాలి, తప్పుడు కేసుల్లో మనకే ముందు కావాలి. కానీ చుండూరు సంగతి చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను నరికారు. ఆ ఊళ్ళోనే కోర్టు పెట్టాలని పోరాడి సాధించారు. 2007 జులై 31న 21 మందికి జీవితఖైదు, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు రుజువు చాలదని అందర్నీ వదిలేసింది. బాధితులు సుప్రీంకోర్టుకు పోయారు. ఎనిమిది శవాలకు సందేహం లేదు. చంపినవాళ్ళ దగ్గరే సందేహం! ఆ సందేహం ఎక్కడ పుడుతుంది? ఆలస్యంగా రాసిన ఎఫ్‌ఐఆర్‌లో, నిర్లక్ష్యంగా చేసిన దర్యాప్తులో. తీర్పు రోజున కాదు, మొదటిరోజునే పుడుతుంది.

సంఘాలకు ఒక మాట

ఎఫ్‌ఐఆర్ కోసం ధర్నా చేస్తాం. ఫొటో పేపర్లో పడుతుంది. తర్వాత వాయిదాలకు ఎవరొస్తున్నారు? ఒక్క ఆడమనిషి, చంకలో బిడ్డ, చేతిలో సంచి. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు తాగారు. డిసెంబర్లో మళ్ళీ పోబోతే అగ్రకులాలు సివిల్ కోర్టు నుంచి తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చాయి. ఫలానా పని చెయ్యొద్దనే కోర్టు ఆజ్ఞ అది. బాబాసాహెబ్ మనుస్మృతిని తగలబెట్టించారు, చెరువు సంగతి మాత్రం కోర్టులో తేల్చుకున్నారు. అంటరానివాళ్ళను రానివ్వకపోవటం 'అనాది ఆచారం' అన్నది వాళ్ళ వాదన. అది అనాది అని రుజువు కాలేదని 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తేల్చింది. ఒక్క మాట మీద పదేళ్ళు! సత్యాగ్రహం గుర్తుపెట్టుకున్నాం, వాయిదాలు మర్చిపోయాం. బొజ్జా తారకం గారు 'పోలీసులు అరెస్టు చేస్తే' రాసింది మనం అల్మరాలో పెట్టుకోవటానికి కాదు.

ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, బెయిలు నోటీసు బాధితుడికి చదివితే అర్థమయ్యే తెలుగులో ఇవ్వాలి. తెలంగాణ హైకోర్టు 2023లో ఒక తీర్పును తెలుగులోనూ ఇచ్చింది. ఒక్క తీర్పుకు సాధ్యమైంది మిగతా కాగితాలకు ఎందుకు కాదు? 15-ఎ చెప్పినట్టు విచారణలను వీడియో తియ్యాలి. బాధితులు కోరితే సీనియర్ ప్లీడరును కలెక్టరు పెట్టొచ్చని 4వ నియమం చెబుతోంది, పెట్టాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. ఆ సంగతి ప్రతి స్టేషన్ గోడ మీద రాయాలి.

అన్నలారా, అక్కలారా! అడిగినంతమాత్రాన వాళ్ళు ఇవ్వరు. పేటకు ఇద్దరు చదువుకున్న పిల్లలు ముందుకు రండి, అందులో ఒకరు ఆడపిల్ల కావాలి. ఊళ్ళో నడుస్తున్న ప్రతి కేసు నెంబరు, వాయిదా తేదీ ఒక నోటుబుక్కులో ఎక్కించండి. ఆదివారం రాత్రి ఒక గంట కమ్యూనిటీ హాల్లో ఈ పేజీ బిగ్గరగా చదవండి. బోను, క్రాసు నాటకంగా ఆడి చూపించండి. మన ముసలమ్మ బోనెక్కి, నల్లకోటు వేసుకున్న మనిషి మొహంలోకి చూసి "కాదు" అనటం నేర్చుకునేదాకా ఆడించండి. వచ్చే వాయిదాకు ఆమెతోపాటు ఐదుగురు కోర్టు వరండాలో నిలబడండి.